ఎడమ పెట్టె

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. "మార్చిచూడు గారి షాపెక్కడండీ" అంటే మాత్రం ముక్కు కారే పిల్లాడు కూడా చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడు. రేడియో పలకకపోయినా, ఆంప్లిఫయరు మూలిగినా, స్పీకరు గరగరలాడినా ఆయన మొదట అనే మాట ఒకటే, "మార్చి చూడు". ఎడమ వైరు కుడికి మార్చు, కుడిది ఎడమకి మార్చు. జబ్బు వైరుతో పాటే వెళ్లిందా, వైరుదే జబ్బు. ఉన్నచోటే కూర్చుందా, వైరు పాపం నిర్దోషి, దాన్ని వదిలేసి తర్వాతిదాన్ని పట్టుకో. ముప్పై ఏళ్లుగా ఆయన వైద్యమంతా ఈ ఒక్క సూత్రం మీదే నడిచింది.

మీటర్లు లేక కాదు. రెండు మీటర్లు బల్ల పైన గోడకు వేలాడుతుంటాయి. వాటి మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము ఉంటుంది. "నా చెవి చెబుతుంటే మధ్యలో ఆ సూది పెత్తనం ఏంటండీ" అంటాడు. ఎవరైనా స్పీకరు తెస్తే బల్ల మీద పడుకోబెట్టి, కుడి చెవి దాని దగ్గరగా వంచి, కళ్లు మూసుకుని, మొహం చిట్లించి ఒక నిమిషం వింటాడు. "లోపల తీగ ఒక చుట్టు వదిలింది" అంటాడు. విప్పితే సరిగ్గా అదే.

చెవి ఎంత సున్నితమో నోరు అంత గరుకు. కోపం ఆయనకు ముక్కు మీదే ఉంటుంది, వెతుక్కోవాల్సిన పని లేదు. "కాస్త బేస్ పెంచి ఇస్తారా" అని ఎవరైనా అడిగితే, "బేస్ కావాలంటే నూతిలో దిగి మాట్లాడుకోండి" అంటాడు. అయినా జనం వచ్చేవాళ్లు. తిట్లు ఒక చెవిన విని రెండో చెవిన వదిలేసి, బాగైన సామాను పట్టుకుపోయేవాళ్లు.

ఇంత నోరున్న మనిషికి ఒక్కడే స్నేహితుడు. నాలుగు వీధుల అవతల ఉండే వడ్రంగి. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, కానీ కలిసిన రెండో రోజునుంచే "బావా" అంటే "బావా" అనుకున్నారు. వడ్రంగి పెట్టె చేస్తాడు, మార్చిచూడు దానిలో స్పీకర్లు బిగిస్తాడు. అలా ఇద్దరూ కలిసి ఆ ఊళ్లో ఎన్ని ఇళ్లకు పాట పంపించారో లెక్క లేదు. తమాషా ఏమిటంటే ఇద్దరిలో ఒక్కడి ఇంట్లోనూ సరైన జత లేదు. మార్చిచూడు ఇంట్లో ఉన్నది అట్టముక్క అంటించిన పాత రేడియో.

ఈ ఏడు వడ్రంగికి ఏం బుద్ధి పుట్టిందో, ఒక పాత ఆఫీసు కూలగొడుతుంటే తెచ్చి నాలుగేళ్లుగా దాచుకున్న టేకు తలుపుల్ని కోసి రెండు పెట్టెలు చేశాడు. ఒక్కొక్కటీ నడుం ఎత్తు, ఇద్దరు పడితే గానీ లేవనంత బరువు. తోపుడు బండి మీద వేసుకుని స్వయంగా తోసుకొచ్చి, ఎవరో కుర్రాళ్ల చేత చెయ్యి వేయించి మార్చిచూడు ఇంట్లో ముందు గదిలో దించాడు.

"ఇవి నీకు బావా. ఇంట్లో పెట్టుకుని వినడానికి. ఎవరైనా అడిగారని ఇచ్చేశావో, మళ్లీ నీ గుమ్మం తొక్కను" అన్నాడు.

మార్చిచూడు పెట్టె అంచుల వెంట అరచెయ్యి పోనిచ్చాడు. "మూలన కొంచెం గరుకుంది, మెరుగు పట్టాల్సింది" అన్నాడు. వడ్రంగి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్ల అలవాటు మరి.

అలాంటి పెట్టెలకు మామూలు ఏర్పాటు చెయ్యడానికి ఆయనకు మనసొప్పలేదు. పెట్టెలో కింద పళ్లెమంత పెద్ద స్పీకరు ఉంటుంది, పైన అరచేతిలో పట్టే చిన్నది ఉంటుంది. పెద్దది బరువైన మోతకు, చిన్నది సన్నని మోతకు. మామూలు ఇళ్లలో ఒకే ఆంప్లిఫయరు ఈ రెండింటినీ మోస్తుంది. మార్చిచూడు రెండు ఆంప్లిఫయర్లు కట్టాడు. రెండు పెట్టెల్లోని పెద్ద స్పీకర్లకు ఒకటి, చిన్నవాటికి ఒకటి. అత్తాకోడళ్లకు వేరు కాపురం పెట్టించినట్టు ఎవరి పని వాళ్లు చేసుకుంటే గొడవే ఉండదని ఆయన వాదం.

గొడవ అక్కడే మొదలైంది.

ముందు ఇత్తడి రేకుల సంగతి. పెట్టె వెనక వైర్లు బిగించడానికి పైన రెండు మరలు, కింద రెండు మరలు ఉంటాయి. పైవాటినీ కిందవాటినీ కలుపుతూ రెండు రేకులుంటాయి. ఒకే ఆంప్లిఫయరు అయితే రేకులు ఉండి తీరాలి. రెండు పెడితే పీకి తీరాలి, లేకపోతే ఒక ఆంప్లిఫయరు పోయి రెండోదాని పీక పట్టుకుంటుంది. కుర్రతనంలో ఒక డాక్టరుగారి హాల్లో ఆయన ఆ రేకులు మరిచిపోయాడు. సోఫా వెనకనుంచి పొగ లేచింది. ఆ కాలిన వాసన తలుచుకుంటే ఇప్పటికీ ఆయన చెవులు ఎర్రబడతాయి. అందుకని ఈసారి మొట్టమొదట నాలుగు రేకులూ పీకి, పీకిన సంగతి మరిచిపోయి, పెట్టెల వెనక టార్చి వేసి గంటసేపు వెతికాడు. చివరికి అవి ఆయన చొక్కా జేబులోనే గలగలలాడాయి.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారట" అంది ఆయన భార్య, వెనక గదిలో స్కూలు యూనిఫారాల అంచులు కుడుతూ.

"నువ్వు నీ మిషను తొక్కుకో" అన్నాడు ఆయన.

సోమవారం పొద్దున్న ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, తన పరీక్ష పాట పెట్టాడు. అది ఆయనే ఎప్పుడో ఒక హాల్లో రికార్డు చేసింది. ఒక అమ్మాయి మధ్యలో నిలబడి పాడుతుంది. అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడి చిరుగంట వాయిస్తారు. ఎడమన ఒకసారి, కుడిన ఒకసారి. పెట్టెలు సరిగ్గా కుదిరితే ఆ అమ్మాయి గదిలో సరిగ్గా మధ్యలో, గాలిలో నిలబడినట్టు ఉండాలి.

నిలబడలేదు. కుడిపక్కకు జరిగిపోయి, గోడకు ఆనుకుని పాడుతోంది. కుడి గంట ఖంగుమంటోంది. ఎడమ గంట మీద ఎవరో దుప్పటి కప్పేశారు.

"వైరు తెగిందా, మర వదులైందా" అని గొణుక్కుంటూ లేచాడు. మరలన్నీ బిగించాడు. అదే. వైర్లు తీసి కొనలు గీకి మళ్లీ తగిలించాడు. అదే. ఎడమ చిన్న స్పీకరు వైరు కుడికి, కుడిది ఎడమకి మార్చి చూశాడు. ఆంప్లిఫయరులో ఒక పక్క నీరసంగా ఉంటే జబ్బు ఇప్పుడు కుడికి వెళ్లాలి. వెళ్లలేదు. ఆంప్లిఫయరు నిర్దోషి. వైర్లే మొత్తం మార్చేశాడు. వెళ్లలేదు. ఎడమ పెట్టెలోని చిన్న స్పీకరు విప్పి కొత్తది బిగించాడు. వెళ్లలేదు. లోపలున్న చిన్న సర్క్యూటు కూడా తీసి, రాత్రి భోజనం చల్లారిపోయేదాకా కూర్చుని ఇంకోటి కట్టి బిగించాడు. ఎడమ గంట దుప్పటి కింద నుంచి బయటికి రాలేదు.

మంగళవారం కూడా అంతే. షాపు మూసేసి, వెతుక్కుంటూ ఇంటికి వచ్చినవాళ్లను గుమ్మంలోనే నిలబెట్టి పంపేశాడు. ఒకాయన రేడియో పట్టుకుని వస్తే, "రేడియో లేకపోతే చచ్చిపోతారా" అన్నాడు. ఊరందరి సామాన్ల జబ్బులూ కనిపెట్టిన మనిషికి తన ఇంట్లో ఒక గంట లొంగకపోవడం అంటే చిన్న విషయమా!

ఆ కోపం ఎవరో ఒకరి మీద వెళ్లగక్కాలి కాబట్టి భార్య మీద వెళ్లగక్కాడు.

"ఊడుస్తూ ఊడుస్తూ పెట్టెని కదిపావా?"

"మీ పెట్టెని కదపడానికి నేను క్రేన్ తేవాలి."

"ఏమో, ఇంట్లో ఏదీ ఉన్నచోట ఉండనివ్వవు నువ్వు. ఏడాదినుంచీ చూస్తున్నా. సాయంత్రం బెంచీ మీద ఎప్పుడూ ఆ పక్కన కూర్చునేదానివి, ఇప్పుడు ఈ పక్కకి వచ్చి నా మోచెయ్యి ఆడనివ్వవు. బల్ల దగ్గర భోజనానికీ అంతే. ఆఖరికి మంచం మీద కూడా పక్క మార్చేశావు."

"అటు గాలి రావడంలేదని చెప్పానుగా" అంది ఆవిడ. అని, మిషను పెడలు మీద కాలు పెట్టి, ఏదో చెప్పబోయి మానేసి, "అయినా ఎడమది పలకడంలేదంటారేంటండీ? నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి" అంది.

"నీకు మిషను మోతకూ సంగీతానికీ తేడా తెలుసా?"

ఆవిడ టకటకా మిషను తొక్కింది, మామూలు కంటే గట్టిగా.

గురువారం నాటికి ఆయన బుర్రలో ఒకటే మిగిలింది. ఆంప్లిఫయరు కాదు, వైరు కాదు, స్పీకరు కాదు, సర్క్యూటు కాదు. ఇక ఎడమ పక్క మిగిలింది టేకు చెక్క. నిజానికి ఇంకొక పరీక్ష ఉంది. ఎడమ పెట్టెని కుడికి, కుడి పెట్టెని ఎడమకి మార్చి చూడడం. కానీ ఆయన నడుం పోయినేడు పట్టేసి ఇంకా పూర్తిగా వదల్లేదు, ఆ బరువు ఒక్కడివల్ల కాదు. పైగా నాలుగు రోజులుగా ఓడిపోయిన మనిషికి ఓపిక ఉండదు, తీర్పు కావాలి. ఊరందరికీ మార్చి చూడమని చెప్పినాయన ఆ ఒక్కటీ మార్చి చూడకుండా చెప్పులేసుకుని బయల్దేరాడు.

వడ్రంగి షాపులో చిత్రిక మిషను ఆడుతోంది. నేలంతా మడమ మునిగేలా రంపపు పొట్టు. వడ్రంగి చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఒక కిటికీ చట్రం మీద గీతలు గీస్తున్నాడు. ఆ కిటికీ తాలూకు మనుషులిద్దరు బల్ల మీద కూర్చుని ఉన్నారు. మార్చిచూడు వాళ్లను చూసి ఆగాల్సింది. ఆగలేదు.

"బావా, నీ ఎడమ పెట్టె దండగ" అన్నాడు, మిషను మోత మించేలా.

వడ్రంగి మిషను ఆపాడు. షాపు అంతా ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయింది. "ఏమన్నావూ?"

"ఎడమ పెట్టె గంటని తినేస్తోంది. అన్నీ మార్చాను. చెక్కలోనే ఉంది దోషం. లోపల ఎక్కడో పగులుంది, నువ్వు మైనం పెట్టి కప్పేశావు."

ఆ ఆఖరి మాట ఆయన అనుకుని అన్నది కాదు. నాలుగు రోజుల కోపం దాన్ని తోసుకుంటూ వచ్చేసింది. కిటికీ తాలూకు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వడ్రంగి మొహం మాడిపోయింది. ముప్పై ఏళ్లలో ఆయన చేసిన పెట్టె ఒక్కటీ వెనక్కి రాలేదు. పగుళ్లకు మైనం పెట్టేవాళ్లంటే ఆయనకు అసహ్యమని మార్చిచూడు కంటే బాగా తెలిసినవాడు లేడు.

"పెట్టెలో పగులుంటే బరువు మోత పోతుంది బావా, గంట మోత ఎలా పోతుంది? నాకే తెలుసే ఆ మాత్రం" అన్నాడు వడ్రంగి, గొంతు తగ్గించి. "పెట్టెలు అటూ ఇటూ మార్చి చూశావా?"

"నా నడుం..."

"చూశావా, లేదా?"

"అక్కర్లేదు. నా చెవి చెబుతోంది."

"ఆడలేక మద్దెల ఓడన్నారట, అలా ఉంది." వడ్రంగి చేతిలో స్కేలు బల్ల మీద పెట్టాడు. "సరే. ఆదివారం పొద్దున్న వస్తాను. ఇద్దరం కలిసి మారుద్దాం. తప్పు పెట్టెదే అయితే నీ కళ్ల ముందే విప్పి పలకలు చేసేస్తాను. ఆ తర్వాత నీకు గానీ ఇంకెవరికి గానీ పెట్టె చెయ్యను, వీళ్లిద్దరూ సాక్ష్యం."

"పెట్టెది కాకపోతే?"

"కాకపోతే ఏం చెయ్యాలో నువ్వే ఆలోచించుకో."

ఆ రెండు రోజులూ మార్చిచూడుకు నిద్ర లేదు. పెట్టెదే తప్పు కావాలని ఒక పక్క, కాకూడదని ఒక పక్క. పెట్టెది అయితే ముప్పై ఏళ్ల స్నేహం పలకలైపోతుంది. కాకపోతే ఆ మైనం మాట ఎలా మింగుతాడు? అన్నమాట గుమ్మం దాటితే గొలుసేసి లాగినా రాదు.

శనివారం ఏం తోచక చిన్న స్పీకర్ల ఆంప్లిఫయరు ముందు కూర్చుని, ఎడమ పక్క నాబ్ తిప్పుతూ పోయాడు. సగం దాటింది. ముప్పావు దాటింది. చివరికి ఆ అమ్మాయి గోడ వదిలి మధ్యకు వచ్చి నిలబడింది. ఎడమ గంట కొంచెం వినిపించింది. వారంలో మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాడు.

వెనక గదిలో మిషను ఆగిపోయింది. ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. ఆ గుమ్మం ఆయన కుర్చీకి ఎడమ పక్క. రెండుసార్లు పిలిచింది. ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఆవిడ కుర్చీ వెనకనుంచి చుట్టి వచ్చి కుడిపక్కన నిలబడి, "ఏమండీ" అంది.

"ఏంటి మీద పడతావు? వింటున్నాగా."

"ఎడమది గీ పెడుతోంది. పళ్లు జివ్వుమంటున్నాయి. తగ్గించండి."

"వారానికి ఇప్పుడు కుదిరింది, ఇప్పుడు తగ్గించమంటావా! నీకేం తెలుసు? ఈ చెవులతో ముప్పై ఏళ్లు ఈ ఇంటికి తిండి పెట్టాను నేను!"

ఆవిడ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడలేదు. చెవుల్లో దూది పెట్టుకుని వెళ్లి మళ్లీ మిషను దగ్గర కూర్చుంది.

ఆదివారం చెప్పిన వేళకు వడ్రంగి వచ్చాడు. భుజాన సంచి, సంచిలో ఉలి, సుత్తి, రంపం. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఏదో పెద్దపనికి వచ్చినవాడిలా ఉన్నాడు.

"టీ తాగుతావా అన్నయ్యా?" అంది ఆవిడ.

"పని అయ్యాక చూద్దాం చెల్లెమ్మా" అన్నాడు. బావ వైపు చూడలేదు.

వెనక వైర్లు విప్పారు. చెరో పక్కా పట్టుకున్నారు. "ఒకటి, రెండు" అని వడ్రంగి లెక్కపెట్టాడు. మార్చిచూడు నడుం పటుక్కుమంది, పళ్లు బిగబట్టాడు. ఎడమ పెట్టె కుడికి వెళ్లింది, కుడి పెట్టె ఎడమకి వచ్చింది. వైర్లు ఎక్కడివి అక్కడే బిగించాడు. నాబ్ శనివారం ఉన్నచోటే ఉంచాడు. ఇద్దరూ చెమట తుడుచుకున్నారు. వడ్రంగి సంచిలోంచి ఉలి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

పాట మొదలైంది.

వడ్రంగి ఉలిక్కిపడ్డాడు. "అబ్బ! ఎడమది చెవులు కోస్తోంది కదా! దీన్ని పట్టుకుని పలకడంలేదంటావేంటి?"

"నిన్నటి నుంచీ నేను మొత్తుకుంటున్నది అదే అన్నయ్యా" అంది ఆవిడ.

మార్చిచూడుకు వినబడుతున్నది మాత్రం పాత సంగతే. కుడి గంట ఖంగుమంటోంది. ఎడమ గంట నాబ్ అంత పెంచితే గానీ గొంతు విప్పడంలేదు. పెట్టె మారింది, జబ్బు మారలేదు. జబ్బు ఉన్నచోటే కూర్చుంది. తన సూత్రం ప్రకారం తీర్పు తనే చెప్పాలి.

"పెట్టెది కాదు" అన్నాడు నేల చూస్తూ.

వడ్రంగి ఉలి గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఆ తుడవడం చూస్తే మార్చిచూడుకు ఇంకా కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియదు. లేచి ఎడమ పక్క కిటికీ కర్టెను ఒక్క లాగు లాగాడు, రాడ్డుతో సహా ఊడి వచ్చింది. "ఈ గుడ్డే తాగేస్తోంది మోతంతా!" మళ్లీ విన్నాడు. అదే. అలమరా తోశాడు. నడుం పట్టుకుని మూలిగాడు. అదే. గోడ మీద క్యాలెండరు తీసి విసిరికొట్టాడు.

"అన్నీ మార్చాను!" అని అరిచాడు. "వైరు మార్చాను, స్పీకరు మార్చాను, సర్క్యూటు మార్చాను, పెట్టెలు మార్చాను. ఇంకేం మిగిలింది ఈ గదిలో మార్చడానికి?"

పాటలో ఆ అమ్మాయి ఊపిరి తీసుకోవడానికి ఆగింది. గంట ఒకసారి అటు, ఒకసారి ఇటు మోగింది.

"కుర్చీ తిప్పి కూర్చోండి" అంది ఆయన భార్య.

"ఏంటీ?"

"స్పీకర్లకి వీపు పెట్టి. ఒక్కసారి కూర్చోండి, నా మాట విని."

తిట్టడానికి నోరు తెరిచాడు గానీ ఆవిడ కళ్లు చూసి మూసేశాడు. కుర్చీ తిప్పాడు. వెనక గోడకేసి మొహం పెట్టుకుని, బడిలో శిక్షపడ్డ పిల్లాడిలా కూర్చున్నాడు.

వారమంతా తను బతిమాలి, తిట్టి, పీకి, బిగించి, పలికించలేకపోయిన ఆ ఎడమ పక్క గంట ఇప్పుడు కుడి చెవి వెనక మోగింది. సూది గుచ్చినట్టు మోగింది. ఆయన తల పక్కకు తిప్పేశాడు. ఇంత మోతనా ఈవిడ రెండు రోజులుగా భరించింది! ఆ వెంటనే రెండో గంట కోసం చెవి ఒగ్గాడు. ఇందాకటిదాకా ఖంగుమన్నది అదే కదా. ఎక్కడా లేదు. దాని మీద దుప్పటి.

జబ్బు ఈ పక్కనుంచి ఆ పక్కకు మారింది. వైరు కదలలేదు, పెట్టె కదలలేదు. కదిలింది ఆయనొక్కడే.

లేచి మళ్లీ ముందుకు తిరిగి కూర్చున్నాడు. మళ్లీ వెనక్కి. మళ్లీ ముందుకు. ఒక్కసారి మార్చి తీర్పు చెప్పకూడదు, మూడుసార్లు మార్చాలని ఎంతమందికి చెప్పాడో. మూడోసారి కుడి చెవిలో వేలు పెట్టుకున్నాడు. పాట సన్నగా, ఏదో గోడ అవతలి పాటలా వినబడింది. గంట ఆగిపోయిందా అని చూశాడు. వడ్రంగీ, భార్యా గంట మోగినప్పుడల్లా కనురెప్పలు కొడుతూనే ఉన్నారు.

ఆయనకు భయం వేసింది. భయం కంటే ముందు సిగ్గు వేసింది. షాపులో ఎప్పుడూ ఒక్క స్పీకరే, ఎప్పుడూ కుడి చెవే. ఫోనూ కుడి చెవికే. ఎడమ చెవికి ఏళ్లుగా ఏ పరీక్షా పెట్టలేదు. అంతకుముందు సభల్లో ఆంప్లిఫయరు బల్ల పక్కన నిలబడి, ఎడమన హారను మోగుతుంటే గంటలు గంటలు గడిపాడు. అప్పుడది మగతనంలా ఉండేది.

"బావా" అన్నాడు. "ఆ మైనం మాట..."

"ఆ మాట ఇద్దరి ముందు అన్నావు" అన్నాడు వడ్రంగి. "వాళ్లకి నువ్వే చెప్పుకో."

"రేపు వెళ్లి చెప్తాను. వాళ్ల కిటికీ దగ్గరికెళ్లి చెప్తాను."

"సరే." వడ్రంగి కుర్చీ లాక్కుని వచ్చి ఆయన ఎడమ పక్కన కూర్చోబోయి, ఆగి, కుడిపక్కకు వేసుకున్నాడు. "చెల్లెమ్మా, ఇప్పుడు పెట్టమ్మా టీ."

ఆ కుర్చీ ఆ పక్కనుంచి ఈ పక్కకు రావడం చూశాడు మార్చిచూడు. చూసి, భార్య వైపు తిరిగాడు. బెంచీ, భోజనాల బల్ల, మంచం.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

ఆవిడ ఊడిపడ్డ కర్టెను మడత పెడుతోంది. "పోయిన వానాకాలం నుంచి. బెంచీ మీద అటు కూర్చుని ఏం చెప్పినా 'ఊ' కూడా అనేవారు కాదు. ముందు పొగరనుకున్నా. ఒకరోజు ఇటు వచ్చి కూర్చుని చెప్తే అన్నిటికీ పలికారు. మర్నాడు మళ్లీ అటు కూర్చుని చూశా. పలకలేదు." మడత సరిచేసింది. "మీరు చెప్పేదేగా, మార్చి చూడమని."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? మీ చెవి గురించి మీకే చెప్పడానికి నాకు నోరు రాలేదు."

ఆయన కర్టెను మడతపెట్టే ఆ చేతుల వైపు చూశాడు. ఏడాది పొడుగునా గాలి రావడంలేదని అబద్ధమాడుతూ, తన గసుర్లు భరిస్తూ, ఈ మనిషి తన చుట్టూ ఇల్లంతా మార్చుకుంటూ వచ్చింది. తనేమో మోచెయ్యి ఆడడంలేదని తిట్టాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిణ్ణి ఒక్కసారైనా "నీకెలా వినబడుతోంది" అని అడిగిన గుర్తు లేదు.

లేచి కుర్చీని మళ్లీ పెట్టెల వైపు తిప్పాడు. ఆవిడ చేతిలోని కర్టెను తీసి పక్కన పెట్టి, భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

"టీ..." అంది ఆవిడ.

"టీ తర్వాత. ఆ పాడే అమ్మాయి ఎక్కడ నిలబడింది చెప్పు."

"ఎక్కడ నిలబడ్డం ఏంటండీ?"

"కళ్లు మూసుకో. ఎక్కడుందనిపిస్తోంది?"

ఆవిడ కళ్లు మూసుకుంది. "ఎడమ పక్కకి. బాగా పక్కకి."

ఆయన ఆంప్లిఫయరు ముందు మోకాళ్ల మీద కూర్చుని నాబ్ తగ్గించాడు. "ఇప్పుడు?"

"ఇంకా అటే."

ఇంకొంచెం తగ్గించాడు. ఆయనకు ఆ అమ్మాయి జరుగుతూ జరుగుతూ కుడి గోడ దగ్గరికి వెళ్లిపోతోంది. చెయ్యి ఆగబోయింది. ఆపలేదు. "ఇప్పుడు?"

"వస్తోంది. ఇంకొంచెం. ఇంకొంచెం... అదిగో, మధ్యకొచ్చింది. ఆపండి." ఆవిడ మొహంలో వారం రోజుల చిరాకు కరిగిపోయింది. "అబ్బ, ఎంత బాగుందండీ! నిజంగా ఇక్కడే నిలబడ్డట్టుంది."

వడ్రంగి తల ఊపాడు. చెవి మీద పెన్సిలు తీసి చెయ్యి చాచాడు. మార్చిచూడు దాన్ని అందుకుని, ఆవిడ ఆపమన్నచోట నాబ్ పక్కన ఒక సన్నని గీత గీశాడు. ఆయనకు ఎడమ పక్కంతా ఖాళీగా ఉంది.

"గంట మోగుతోందా?" అని అడిగాడు.

"మోగుతోంది" అంది ఆవిడ.